వదిన కాలు, నా కాలు

ఫిబ్రవరి 2, సోమవారం

ఈ డైరీ దీనమ్మ వదిన ఇచ్చింది. క్రిస్మస్‌కి చర్చి స్త్రీల సమాజం తరఫున అందరికీ పంచారు. ప్రతి పేజీ మీదా ఒక బైబిలు వాక్యం, దాని కింద గీతలు. దేవుడు చేసిన మేలులు రాసుకోవాలట. జనవరి నెలంతా ఏం మేలు జరిగిందా అని ఆలోచించా. తట్టలేదు. అందుకని ఇవాళ్టి నుంచి ఒళ్లు మండినవి రాస్తా. వాటికి కొదవ లేదు.

మొదటిది స్కూలు. బాపయ్యగారు కరస్పాండెంటుగా ఉన్నన్నాళ్లూ క్లాసుకో కుర్చీ ఉండేది. మేకులు చీర పట్టుకునేవి, ఒక కాలు ఊగేది, అయినా కుర్చీ కుర్చీయే. పోయిన జూన్‌లో కొడుకు చైతన్యకృష్ణ పెత్తనం తీసుకుని కుర్చీలన్నీ మేడ మీదికి ఎత్తించేశాడు. టీచరు కూర్చుంటే క్లాసు నిద్రపోతుందట. గదికో కెమెరా పెట్టించాడు. ఆఫీసులో తిరిగే కుర్చీలో కూర్చుని, మేం నిలబడ్డామో లేదో ఫోన్లో చూసుకుంటాడు. ఇవాళ బల్లకి కాస్త ఆనుకున్నానో లేదో, ఆయా వచ్చి "సారు నిటారుగా నిలబడమన్నారు మేడమ్" అంది. పదో తరగతి పిల్లల ముందు. తల కొట్టేసినట్టయింది.

ఎడమ చీలమండ పైన, లోపలి వైపు దోమ కుట్టింది. గోకా. కాస్త పుండైంది.

ఫిబ్రవరి 3, మంగళవారం

వదిన ఒంగోలు వెళ్లింది. సమాజం పనట. ప్రతి మంగళవారం వెళ్తుంది. నాకు వారానికో పండగ.

ఫిబ్రవరి 6, శుక్రవారం

దోమకాటే.

పెరట్లో బట్టలు ఉతుకుతుంటే చీర ఎగదోపుకుని ఉన్నా. వదిన చూసింది. మా ఆయన ఇషాక్‌కి ఐదేళ్లప్పుడు వాళ్లమ్మ పోతే తమ్ముణ్ణి ఈవిడే పెంచింది. భర్త పోయాక ఆ బరువంతా పత్తి జిన్నింగు మిల్లులో మిషను ముందు నిలబడి మోసింది. ఆ సంగతి మా పెళ్లైన దగ్గర్నుంచి నేను మర్చిపోకుండా ఆవిడే చూసుకుంటుంది. మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య ఒకటే గోడ. నేను పోపు వేస్తే ఆవిడకి తుమ్మొస్తుంది. తుమ్మాక వచ్చి పోపు మాడిందని చెప్తుంది.

ఇవాళ మాత్రం మాట్లాడకుండా వంగి నా కాలు చాలాసేపు చూసింది. "ఇది దోమకాటు కాదు సలోమీ" అంది. ముందు దురద పెట్టిందా, చర్మం నల్లబడిందా, సాయంత్రానికి వాస్తుందా అని ఒకటే ప్రశ్నలు. నేను బయాలజీ టీచర్నండీ, నాకు తెలుసు అన్నా. "నీకన్నీ తెలుసులే" అని వెళ్లిపోయింది. చేతిలో సబ్బునీళ్ల మగ్గు ఉంది. విసరలేదు. ఆ మేలు దేవుడే చేశాడు, రాసుకోవచ్చు.

ఫిబ్రవరి 10, మంగళవారం

పదో తరగతికి రక్తప్రసరణ రివిజన్. ధమనులు గుండె నుంచి తీసుకెళ్తాయి, సిరలు గుండెకి తెస్తాయి. ఇన్నేళ్లుగా చెప్తున్న పాఠం, నిద్రలో లేపినా చెప్తా. జైనాబీ లేచింది. వాళ్ల నాన్నది డేగరమూడి వైపు మిరప చేను. "గుండె కొట్టిన ఊపు కాళ్ల దాకా పోయేసరికి అయిపోతుందన్నారు కదా టీచర్, మరి అక్కణ్ణుంచి పైకి ఎవరు తోస్తారు?" అంది.

మంచి ప్రశ్న. నాకే హుషారొచ్చింది. పిక్క తోస్తుందమ్మా అన్నా. నడిచినప్పుడల్లా పిక్క కండ బిగిసి మధ్యలో ఉన్న సిరని పిండుతుంది. తడిగుడ్డ పిండినట్టు రక్తం పైకి ఎక్కుతుంది. ఎక్కింది మళ్లీ జారిపోకుండా లోపల వరసగా కవాటాలుంటాయి, పైకే తెరుచుకునే తలుపులు. ఓ పిల్ల చున్నీ అడిగి నా జబ్బకి బిగించి కట్టుకున్నా. మోచేతి కింద సిర ఉబ్బింది. కింద ఒక వేలు అదిమి, ఇంకో వేలితో పైకి రాస్తే ఖాళీ అయింది. పైనుంచి కిందికి తోద్దామంటే ఒక ముడి దగ్గర ఆగిపోయింది. ఆ ముడే కవాటం. పిల్లలు బెంచీలెక్కి చూశారు.

"మా బావి మోటారుకి ఫుట్ వాల్వ్ ఉన్నట్టు" అంది జైనాబీ. అంతే అన్నా. "ఫుట్ వాల్వ్ పాడైతే నీళ్లు ఎక్కినట్టే ఎక్కి మళ్లీ బావిలోకి జారిపోతాయి టీచర్. మనిషికి పాడైతే?"

నడవకుండా ఊరికే నిలబడి ఉండేవాళ్లకి పాడవుతాయి అని నోటిదాకా వచ్చింది. పొద్దున మొదటి పీరియడ్ నుంచి గుంజలా నిలబడే ఉన్నా. బెల్లు కొట్టారు. హోంవర్క్ చెప్పి వచ్చేశా.

పుండులోంచి కాస్త నీరు కారుతోంది. చెమట.

ఫిబ్రవరి 13, శుక్రవారం

జ్వరం. కీళ్లు విరిచేస్తున్నాయి.

ఫిబ్రవరి 21, శనివారం

వారం రోజులు మంచం మీదే. వైరల్ ఫీవరట, ఊళ్లో ఇంటికొకరు. కాళ్లు ఒకటే లాగుతుంటే ఇషాక్ మంచాన్ని మధ్యగోడకి జరిపి, రెండు బొంతలు చుట్టి కాళ్ల కింద పెట్టి, పాదాలు గోడకి ఆనేలా పడుకోబెట్టాడు. పాలిషింగ్ యూనిట్‌లో రోజంతా గ్రానైటు పలకల మీద వంగే మనిషికి ఆ మాత్రం నర్సు పని వచ్చని నాకు తెలీదు. ఆ గోడకే వాక్యాల కేలండర్ ఉంది. వదిన రాగానే గుమ్మంలోనే ఆగి, దేవుడి మాట వైపు కాళ్లు పెట్టి పడుకుంటారా ఎవరైనా అని తమ్ముణ్ణి కడిగేసింది. ఆ తర్వాత కాసేపు నిలబడి చూసి, బొంత ఒకటి జారితే తనే సర్ది వెళ్లింది.

రోజూ సాయంత్రం జావ తెచ్చింది. ప్రార్థన చేయించిన ఒలీవ నూనె తెచ్చి పుండు చుట్టూ రాసింది. ఇవాళ చూసుకుంటే పుండు ఎండింది. పలచగా కొత్త చర్మం వచ్చింది. "చూశావా, ప్రభువు నూనె" అంది వదిన. నేనేమీ అనలేదు. నోటి నిండా ఆవిడ జావే ఉంది.

ఫిబ్రవరి 25, బుధవారం

వదిన్ని ఎప్పటికీ క్షమించను.

శ్రమకాల కూటం, ఈస్టరుకి ముందు నలభై రోజుల్లో జరిగే ప్రార్థన. చర్చి నిండిపోయింది, బయట షామియానా కింద కూడా జనం. పాట అవగానే వదిన మైకు పట్టుకుని, మా సలోమి టీచరు జీవితంలో దేవుడు గొప్ప కార్యం చేశాడు, వచ్చి సాక్ష్యం చెప్తుంది అంది. నాకు ముందు ఒక్క మాట చెప్పలేదు. పక్కనున్న ఆడవాళ్లు లేపి తోశారు. ఏం చెప్పాలి నేను? వారంపాటు కాళ్లు ఎత్తి పెట్టుకుని పడుకున్నా, నిలిచిపోయిన రక్తం పైకెళ్లింది, అందుకే ఎండింది అని మైకులో పాఠం చెప్పనా? అందరూ నా వంకే చూస్తున్నారు. వదిన మరీను, నా నోట్లోకే చూస్తోంది.

మందూ మాకూ లేకుండా, నూనెతోనే పుండు మానిందని చెప్పా. రెండే మాటలు. చప్పట్లు మోగిపోయాయి. పాస్టరుగారు నా తల మీద చెయ్యి పెట్టారు. ముసలాళ్లు వచ్చి చేతులు పట్టుకున్నారు. స్కూల్లో పదిహేనేళ్లుగా పాఠం చెప్తున్నా, ఎవడూ చప్పట్లు కొట్టలేదు.

బాగుంది అనిపించింది. అది కూడా రాయాలి కాబట్టి రాశా.

ఫిబ్రవరి 26, గురువారం

సెలవయ్యాక మళ్లీ స్కూలుకి వెళ్లా. పదో తరగతికి స్టడీ అవర్స్, పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా. నిలబడే.

మార్చి 4, బుధవారం

కాళ్లు ఇనప గుండ్లు కట్టినట్టున్నాయి. ఎండలు మొదలయ్యాయి, అందుకే.

మార్చి 9, సోమవారం

చీర అంచు గీసుకుని చర్మం లేచింది. పాత చోటే. గంజి పెట్టిన నూలు చీరలు ఇక కట్టకూడదు.

మార్చి 12, గురువారం

ఆ కూటం వీడియో చర్చి యూట్యూబ్‌లో పెట్టారట. నా ముఖం, కింద పెద్ద అక్షరాలతో పేరు. ఇవాళ వినుకొండ నుంచి ఎవరో ఆడమనిషి ఫోన్ చేసి నూనె ఎక్కడ దొరుకుతుందని అడిగింది. పెట్టేశా.

వదినది ఇంకో రకం. రోజూ ఏదో వంకన వచ్చి అదే అడుగుతుంది. ఏ రోజు ఎండింది? పొక్కు కట్టిందా, నేరుగా చర్మం వచ్చిందా? నూనె పుండులో పడిందా, చుట్టూనే రాశానా? ఇంకో రోగం లేదా మనిషికి. నా సాక్ష్యంలో ఎక్కడ అబద్ధం దొరుకుతుందా అని ఎంక్వయిరీ. మీరేగా రాశారు, మీకు తెలీదా అన్నా. "నువ్వు చెప్పు" అంటుంది. మానిపోయిందండీ, ఇంకేం కావాలి అని లేచి లోపలికి వచ్చేశా. లోపలికొచ్చి దూది మార్చుకున్నా. తడిసిపోయింది.

మార్చి 15, ఆదివారం

చర్చిలో మేమంతా చాపల మీద కాళ్లు మడుచుకుని కూర్చుంటే దీనమ్మ వదినకి మాత్రం కుర్చీ. స్త్రీల సమాజం ప్రెసిడెంటుగారు కదా. మార్చి ఎండలో మేజోళ్లు కూడాను. బడిలో నాకు కుర్చీ లేదు, గుడిలోనూ లేదు. మూడు గంటలు మడిచిన కాలు తీసి నేల మీద పెడితే నాది కాదనిపించింది.

మార్చి 18, బుధవారం

ఇషాక్ మంచం మీద పక్కకి తిరిగి, వాసనొస్తోంది సలోమీ అన్నాడు. ఒంగోలు పోదాం పద అన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టా. ఒంగోలు ఆసుపత్రిలో మన పేటవాళ్లు ఒక్కరైనా లేకుండా ఉంటారా? సాయంత్రానికి ఊరంతా పాకుతుంది, సలోమి టీచరు సాక్ష్యం అబద్ధమని. మీ అక్కయ్య నా ముఖాన ఉమ్మేస్తుంది. పాపం, అక్కకి చెప్పొద్దులే అన్నాడు. ఆవిడకి చెప్పకుండా ఈ ఇంట్లో ఉప్పు డబ్బా మూత తీసినా తెలిసిపోతుంది.

పుండు నిమ్మకాయంత అయింది. వేపాకు నీళ్లతో కడిగి పౌడరు చల్లా. ఇదేమిటో నాకు తెలుసు. పుస్తకంలో బొమ్మతో సహా తెలుసు. సెలవులిచ్చాక చూసుకుంటా.

మార్చి 24, మంగళవారం

వదిన ఒంగోలు వెళ్లడం మానేసింది. నెల అవుతోంది కాబోలు. ఏమండీ వెళ్లరా అంటే, ఇక అవసరం లేదంది. నాకున్న ఒక్క పండగా పోయింది. ఇంట్లోనే కూర్చుని నా మీద నిఘా.

మార్చి 29, ఆదివారం

మట్టల ఆదివారం. ఊరేగింపులో నడవలేనని తలనొప్పి అని చెప్పా. కిటికీలోంచి చూశా. వదిన అందరికంటే ముందు మట్ట పట్టుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ నడుస్తోంది. నడుం నొప్పేమో. దాన్ని కూడా నలుగురికీ కనబడేలా పడాలి ఆవిడకి.

ఏప్రిల్ 3, శుక్రవారం

రేపు రాస్తా. గోళ్లలో రక్తం ఇంకా పోలేదు.

ఏప్రిల్ 4, శనివారం

ఒంగోలు. ఆసుపత్రి. పక్క మంచం మీద వదిన పడుకుని ఉంది. డైరీ నిన్న రాత్రే ఇషాక్‌తో తెప్పించుకున్నా.

నిన్న గుడ్ ఫ్రైడే, మధ్యాహ్నం ఆరాధన. సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. ఐదోది స్త్రీల సమాజానిది, అంటే వదినది. అందరం తెల్లచీరలు. ఫ్యాన్లు వేడిగాలి కొడుతున్నాయి. వదిన వేదిక దగ్గర నిలబడి మాట్లాడుతోంది. అరగంట దాటినా ఆపదు. నేను మూడో వరసలో మడిచిన కాలి మీద ఏడవలేక కూర్చుని, ఆవిడ మాటల్లో తప్పులు లెక్కపెట్టుకుంటున్నా.

చీర అంచున ఎర్రగా కనపడింది. కింద పరిచిన ఎర్ర తివాసీ నీడ అనుకున్నా. తర్వాత మేజోడు నల్లగా తడిసింది. తర్వాత తివాసీ మీద మెరిసింది. ఆవిడకి తెలియనే తెలీదు, ప్రసంగం చేస్తూనే ఉంది. సిర తెగితే నొప్పి ఉండదు. ముందు వరసలో ఎవరో అరిచారు. వదిన కిందికి చూసుకుని మాట ఆపింది. నేను ఆవిడ మాట ఆపడం చూడటం అదే మొదలు.

అందరూ లేచారు. ఇద్దరు పెద్దలు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. పడిపోకుండా నిటారుగా పట్టుకోండి అని ఒకరు, నీళ్లు తాగించండి అని ఒకరు. చర్చి ఊడ్చే ఏసుబాబు మంచివాడు, తన కండువా తీసి మోకాలి కింద బిగించి కట్టాడు. రక్తం ఇంకా ఎక్కువైంది. కుర్చీ కాళ్ల చుట్టూ మడుగు కట్టింది. వదిన ముఖం చీరలో కలిసిపోయింది.

నేను అప్పటికి లేచా. కాలు మొద్దుబారి రెండుసార్లు పడ్డా. పడుకోబెట్టండి, కాలు ఎత్తండి అని అరుస్తున్నా. ఎవరూ వినరు. మనిషికి రక్తం కారుతుంటే ఎత్తి కూర్చోబెట్టాలని వీళ్లకి ఎవరు చెప్పారో. పైకి పోవలసింది గుండె కిందికి వేలాడుతుంటే కవాటాలు పోయిన సిర ఏం చేస్తుంది, పైనున్నదంతా వచ్చి ఆ చిల్లులోంచే పోతుంది. వెళ్లి వదిన రెండు జబ్బలూ పట్టుకుని కుర్చీలోంచి నేల మీదికి లాగేశా. చంపేస్తోంది అని ఎవరో అన్నారు. కండువా విప్పేశా. కాలు పైకెత్తి పెట్టడానికి ఎత్తుగా ఏదైనా కావాలి. ఎదురుగా రొట్టె, ద్రాక్షారసం పెట్టే ప్రభువు బల్ల ఉంది. తెల్ల గుడ్డ పరిచి, మధ్యలో సిలువ. సిలువని పక్కకి తోసి వదిన మడమ దాని మీద పెట్టా.

"అమ్మా, అది ప్రభువు బల్ల" అన్నారు పాస్టరుగారు.

"ఆయన జరుగుతాడు. ముందు మీరు జరగండి" అన్నా.

మేజోడు లాగేశా. కింద దూది, దూది కింద పుండు. నాదానికి రెట్టింపుంది. దాని పైన ఉబ్బిన సిరకి సూది మొనంత కన్నం. అరచెయ్యి పెట్టి నా బరువంతా వేసి నొక్కా. కాలు గుండె కంటే ఎత్తుకి పోయింది కదా, కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. చర్చి కూడా ఆగిపోయింది. వదిన కింద నుంచి నన్నే చూస్తూ "కాలు బల్ల మీద పెట్టావేంటే" అంది.

"నోరు మూసుకోండి" అన్నా. పెళ్లైనప్పటి నుంచి అనాలనుకున్న మాట. అనేటప్పుడు ఏడుస్తున్నా.

అంబులెన్సులో ఒంగోలు దాకా చెయ్యి తియ్యలేదు. ఇక్కడ నర్సు వదిన కాలు కడిగి కట్టు కట్టింది. తర్వాత నా చీర కుచ్చిళ్లు కూడా తడిసి ఉన్నాయని, ఆవిడ రక్తమేగా అని కడగబోయింది. కడిగితే కింద నాది బయటపడింది. నర్సు నన్ను చూసింది. వదిన మంచం మీద తల తిప్పి చూసింది. చీర దించేసుకుందామనుకున్నా. చేతులు రాలేదు.

డాక్టరు ఇద్దరి కాళ్లూ మిషను పెట్టి చూశాడు. ఇద్దరికీ లోపల కవాటాలు పోయాయి, పైకెళ్లాల్సిన రక్తం కిందే నిలిచి చర్మాన్ని తినేస్తోంది అన్నాడు. ఆయన చెప్తుంటే నా పాఠం నాకే అప్పజెప్తున్నట్టుంది. వదిన మీద మాత్రం కోప్పడ్డాడు. బాగా మానుతున్న పుండు, ప్రతి మంగళవారం వచ్చి కట్టు కట్టించుకునేదానివి, ఫిబ్రవరి నెలాఖరున ఎందుకు మానేశావమ్మా అన్నాడు. వదిన దుప్పటి కాళ్ల మీదికి లాక్కుంది.

మంగళవారాలు. నా పండగలు.

ఆయన వెళ్లాక నేను అడిగా, ఎందుకు మానేశారు అని.

"నువ్వు చెప్పావుగా, నూనెతో తగ్గిందని."

"నేను చెప్తే మీరు మానేస్తారా? కట్టుతో మానుతుంటే?"

"పాస్టరుగారు చెప్తే మానేదాన్ని కాదు. నువ్వు చెప్పావని మానేశా. పాస్టరుగారి మాట మీదే ఎదురు మాట్లాడే నోరు నీది. సైన్సు టీచరువి. ఆ నోటితో అన్నావంటే నిజమే అయ్యుంటుందనుకున్నా."

ఒళ్లు మండిపోయింది. నన్ను మైకు దగ్గరికి లాగింది మీరు కాదా అన్నా. ముందు ఒక్క మాటైనా చెప్పకుండా, అంతమంది ముందు.

"లాగాను" అంది వదిన. "నిజం కాకపోతే అక్కడే కాదంటావనుకున్నా."

ఏప్రిల్ 6, సోమవారం

నిన్న ఈస్టరుకి ఇద్దర్నీ ఇంటికి పంపారు. పాదం నుంచి మోకాలి దాకా నాలుగు పొరల కట్టు. ఊరికే నిలబడకూడదు. నడవాలి, లేదంటే కాలు గుండె కంటే ఎత్తులో పెట్టి పడుకోవాలి.

ఇవాళ ఒంటిపూట బడి. సెలవు చీటీ ఇద్దామని వెళ్లి, ఇవ్వకుండా మేడెక్కా. ఊగే కాలున్న నా పాత కుర్చీ వెతికి, మెట్ల మీద నుంచి దడదడ ఈడ్చుకుంటూ వచ్చి తొమ్మిదో తరగతిలో వేసుకు కూర్చున్నా. నిమిషం కాలేదు, ఆయా వచ్చింది. సారు అడుగుతున్నారట, ఆ కుర్చీ ఏంటని. నేను లేచి కెమెరా కిందికెళ్లా. కట్టు విప్పా. చీర మోకాలి దాకా ఎత్తి, పుండున్న కాలు బల్ల మీద పెట్టి కెమెరాకి చూపించా. పిల్లలు ఎవరూ నవ్వలేదు. పదో తరగతి పరీక్షలైపోయి లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇవ్వడానికొచ్చిన జైనాబీ, గుమ్మంలోంచి వచ్చి కట్టు చుట్టడానికి చెయ్యి వేసింది. కింద నుంచి పైకి చుట్టాలి, కింద బిగువు, పైకి పోనుపోను వదులు అని చెప్పా. ఆవేళ ఫుట్ వాల్వ్ గురించి అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే అని కూడా చెప్పా.

ఆయా మళ్లీ రాలేదు.

ఏప్రిల్ 8, బుధవారం

వదినతో మాటల్లేవు. నా వల్ల ఆవిడ చచ్చిపోయేది. ఆవిడ వల్ల నేను అబద్ధం చెప్పా. ఎవరిది ఎక్కువ తప్పో ఇషాక్‌ని అడిగితే గిన్నెలు కడగడానికి వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 12, ఆదివారం

పాస్టరుగారు ఇంటికొచ్చారు. చావు నోట్లోంచి బయటపడ్డారు, వచ్చే వారం దీనమ్మగారు సాక్ష్యం చెప్తే సంఘానికి ఆదరణగా ఉంటుందన్నారు. వదిన గుమ్మంలో నిలబడి, అయ్యగారూ మా ఇంట్లో ఇక సాక్ష్యాలు చెప్పేవాళ్లు లేరు అంది. మా సలోమి చెప్పినది కూడా ఫోన్లోంచి తీసేయించండి, అది వినుకొండ దాకా పోయిందట, ఎంతమంది కట్లు విప్పుకున్నారో అంది. పాస్టరుగారు గొణిగారు. వదిన జిన్నింగు మిల్లు మిషను ముందు అలవాటైన గొంతు బయటికి తీసింది. వీడియో మధ్యాహ్నానికే పోయింది. వినుకొండ ఆవిడ నంబరు వెతికి నేనే ఫోన్ చేశా. నూనె కాదమ్మా, ఆసుపత్రికి పో అన్నా. నువ్వు ఆ సాక్ష్యం చెప్పిన టీచరువేనా అంది. అవునన్నా. కాసేపు తిట్టింది. తిట్టనిచ్చా.

సాయంత్రం వదిన మా ఇంట్లోకి వచ్చింది. నాతో మాట్లాడలేదు. మధ్యగోడకున్న వాక్యాల కేలండర్ తీసి, ఎదురు గోడకి మేకు కొట్టి తగిలించింది. ఇషాక్‌తో మంచం మధ్యగోడకి జరిపించింది. వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను పడుకుని, రెండు మడమలూ గోడకి ఆనించి ఇది రాస్తున్నా. గోడకి అటుపక్క వదిన మంచం జరిగిన చప్పుడు విన్నా. ఆవిడా కాళ్లు ఎత్తి ఉంటుంది. ఇద్దరి కాళ్ల మధ్యా ఒక్క ఇటుక మందం. ఆవిడ మీద కోపం పోలేదు, పోతుందని కూడా అనుకోను. ఇందాక కాళ్లు తిమ్మిరెక్కి దించుకున్నా, అంతే, అటునుంచి గోడ మీద మడమతో ఒక దెబ్బ.

"దించావా?"

లేదండీ అన్నా. మళ్లీ ఎత్తి, నేనూ మడమతో గట్టిగా ఒక్కటిచ్చా.